చార్జి మెమో వస్తే ఏం చెయ్యాలి, రాకుండా ఏం చెయ్యాలి: కొత్త కానిస్టేబుళ్లకు

పోయిన శ్రావణంలో ఓ సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి ఒక కుర్రాడు నరసాపురంలో మా ఇంటికి వచ్చాడు. సర్వీసులో చేరి మూడేళ్లు. వానకు తడవకుండా చొక్కా లోపల ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన చార్జి మెమో, అంటే నీ మీద ఫలానా ఆరోపణ ఉంది, జవాబు చెప్పమని పైనుంచి ఇచ్చే కాగితం. అరుగు మీద కూర్చుని కవరు విప్పుతుంటే చేతులు వణుకుతున్నాయి. జవాబు కూడా తనే రాసుకొచ్చాడు, ఒకే ఒక్క వాక్యం: "నా వల్ల పొరపాటు జరిగినది, ఈసారికి క్షమించవలసినదిగా ప్రార్థన." ఆ కాగితం తీసి పక్కన పెట్టి ముందు మంచినీళ్లు తాగమన్నాను. అది ఆఫీసులో ఇచ్చేసి ఉంటే ఆరోపణ ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నాక ఇక విచారించేదేముంది, శిక్ష ఎంత వెయ్యాలన్నదే మిగులుతుంది.

మెమోలో ఏముందంటే, తీర్థం బందోబస్తులో తనకిచ్చిన పాయింట్ వదిలేసి నలభై నిమిషాలు కనపడలేదని. జరిగింది వేరు. తోపులాటలో ఒక పెద్దావిడ పడిపోతే ఈ అబ్బాయి ఆవిణ్ణి చేతుల మీద మోసుకుని మెడికల్ క్యాంపుకి తీసుకెళ్లాడు, ఎస్సైగారికి ఫోన్లో చెప్పాడు కూడా. కానీ ఎక్కడా రాసి లేదు. చేసింది మంచి పని, రికార్డులో మాత్రం గైర్హాజరు.

నేను ముప్పై ఏళ్ల పైన డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌ని, అంటే జీడీలు (స్టేషన్ జనరల్ డైరీ), సీడీలు (కేసు డైరీ), మెమోలు, వాటి జవాబులు నా చేతుల మీదుగా నడిచినవే. అప్పటి నుంచీ ఒకటే మాట చెబుతున్నాను: పోలీసు ఉద్యోగం నోటిమాట మీద చెయ్యకండి, కాగితం మీద చెయ్యండి. రూల్స్ అనగానే మనల్ని కట్టెయ్యడానికి రాసినవనుకుంటాం, సగం నిజమే, కానీ మిగతా సగం మనల్ని కాపాడటానికి రాసినవి. అవి తెలిసినవాడికే పనికొస్తాయి.

ముందు ఏ రూల్ ఎక్కడుందో తెలుసుకోండి, ఇది తేలిగ్గానే అయిపోతుంది. దేశమంతా 1861 పోలీసు చట్టం అంటారు గానీ మన కోస్తా జిల్లాలకు అంతకన్నా రెండేళ్ల ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కోసం చేసిన 1859 జిల్లా పోలీసు చట్టం ఉంది. రోజువారీ డ్యూటీ ఎలా చెయ్యాలన్నది పోలీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఉద్యోగి ఎలా నడుచుకోవాలన్నది 1964 నాటి ప్రవర్తన నియమావళిలో, అదే మనం కాండక్ట్ రూల్స్ అంటాం. తప్పు చేశారంటే ఎలా విచారించాలి, ఏ శిక్ష వెయ్యొచ్చు, అప్పీలు ఎవరికి చేసుకోవాలి అన్నది 1991 నాటి సీసీఏ (క్లాసిఫికేషన్, కంట్రోల్, అప్పీల్) రూల్స్‌లో. వీటన్నిటి పైన రాజ్యాంగం 311వ అధికరణం. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే మిమ్మల్ని నియమించిన అధికారి కన్నా కింది స్థాయివాళ్లు తీసెయ్యలేరు, ఆరోపణ ఏమిటో చెప్పి మీ వాదన వినకుండానూ తీసెయ్యలేరు అని అది చెబుతుంది. సివిల్ కానిస్టేబుల్‌ని నియమించేది ఎస్పీగారు. కాబట్టి స్టేషన్లో ఎవరైనా కోపంలో "రేపట్నుంచి నీకు ఉద్యోగం లేదు" అంటే రాత్రంతా నిద్ర మానుకోనక్కర్లేదు. అయితే నేరం రుజువై కోర్టు శిక్ష పడినవాళ్లకి, ఇంకా ఒకటి రెండు ప్రత్యేక సందర్భాల్లో విచారణ లేకుండానే తీసెయ్యడానికి అదే అధికరణంలో దారి ఉంది, అదీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు కాగితం సంగతి, అసలు విషయం ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

స్టేషన్ నుంచి కాలు బయట పెడుతున్నారంటే జీడీలో ఎంట్రీ పడాలి, తిరిగొచ్చాక ఇంకోటి పడాలి. రైటర్ రాస్తాడులే అని వెళ్లిపోకండి, పక్కన నిలబడి రాయించుకోండి, టైం చూసుకోండి. వేరే ఊరికి డ్యూటీకి వెళ్తే పాస్‌పోర్ట్ తీసుకోండి (కొత్తవాళ్లకి చెబుతున్నాను, ఇది విదేశాలకి వెళ్లే పాస్‌పోర్ట్ కాదు, మన డ్యూటీ కాగితం), అక్కడ రిపోర్ట్ చేసిన టైం, రిలీవ్ అయిన టైం వేయించుకోండి. జీడీ ఎంట్రీ ఎలా ఉండాలంటే, "బందోబస్తుకు వెళ్లినారు" అని కాదు. "ఉదయం 5.40కి ఫలానా నంబరు పీసీ, ఎస్‌హెచ్‌ఓ గారి ఉత్తర్వు ప్రకారం తీర్థం బందోబస్తు 4వ పాయింటుకు బయలుదేరినారు" అని (పీసీ అంటే కానిస్టేబుల్, ఎస్‌హెచ్‌ఓ అంటే స్టేషన్ అధికారి). రెండేళ్ల తర్వాత ఎంక్వైరీలో ఎవరి జ్ఞాపకమూ నిలబడదు, ఆ ఒక్క లైనే నిలబడుతుంది.

నా సంగతే చెబుతాను. 2006 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు మా అమ్మ లంకలో ఉంది. వరద ఏటిగట్టు కంటా వచ్చేసింది. ఆఫీసర్‌గారిని అడిగితే "వెళ్లిరావయ్యా, అమ్మని తెచ్చుకో" అన్నారు, పాపం మంచిగానే అన్నారు. నేను సెలవు చీటీ రాయలేదు, జీడీలో వేయించలేదు, పడవ దొరికితే చాలని పరుగెత్తాను. మర్నాడు పై నుంచి లెక్క అడిగితే నేను ఆబ్సెంట్. అనుమతి ఇచ్చినాయన ఆ వారంలోనే బదిలీ మీద వెళ్లిపోయారు, తర్వాత అడిగితే "అన్నానేమో, గుర్తులేదు" అన్నారు. ఒక సంవత్సరం ఇంక్రిమెంట్ ఆపారు. డబ్బు సంగతి అటుంచండి, ఆ మెమో నేను రైటర్‌గా ఉన్న స్టేషన్‌కే వస్తే నా చేత్తోనే రిజిస్టర్‌లో ఎక్కించుకున్నాను, ఆ రోజు ఇప్పటికీ మర్చిపోలేదు. రెండు లైన్ల చీటీ రాసి సెంట్రీ చేతిలో పెట్టి వెళ్లినా సరిపోయేది.

పైవాళ్ల నోటి ఆర్డర్లకి కూడా ఇదే దారి. కాండక్ట్ రూల్స్‌లో చాలామందికి తెలియని మాట ఒకటుంది: పై అధికారి ఆదేశం వీలైనంత వరకు రాతపూర్వకంగా తీసుకోవాలి, అప్పటికి వీలుకాకపోతే తర్వాత వీలైనంత త్వరగా రాతలో ధ్రువీకరణ తీసుకోవాలి. ఎస్సైగారి దగ్గరికెళ్లి "సార్, రాసివ్వండి" అంటే ఏమవుతుందో నాకూ తెలుసు. అలా అడగమనడం లేదు. పని చేసి వచ్చాక "మీరు ఫోన్లో చెప్పిన ప్రకారం ఫలానా టైంకి ఫలానా చోటికి వెళ్లాను సార్, పని పూర్తయింది" అని వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, జీడీలో "ఎస్‌హెచ్‌ఓ గారి మౌఖిక ఆదేశం మేరకు" అన్న ముక్క వేయించండి. ఎవరికీ కోపం రాదు.

చట్టానికి విరుద్ధమైన ఆర్డర్ అయితే మాత్రం రాతలో ఉన్నా మిమ్మల్ని కాపాడదు. కొట్టమన్నారని కొడితే, రికార్డు లేకుండా ఒకణ్ణి రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టమన్నారని కూర్చోబెడితే, రేపు కేసయినప్పుడు బోనులో నిలబడేది మీరే. అరెస్టులో పాటించాల్సిన పద్ధతుల గురించి డీకే బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పినవి ఇప్పుడు చాలావరకు చట్టంలోకే వచ్చేశాయి: మీ పేరు కనపడే బ్యాడ్జి, సాక్షి సంతకంతో అరెస్ట్ మెమో, బంధువులకి కబురు. 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలన్నది రాజ్యాంగంలోనే ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం సోదా చేసినా, వస్తువు స్వాధీనం చేసుకున్నా వీడియో తియ్యాలి. ఆడవాళ్లని, పదిహేనేళ్ల లోపు పిల్లల్ని, అరవై దాటిన పెద్దవాళ్లని సాక్ష్యం కోసం స్టేషన్‌కి పిలవకూడదు, మనమే వాళ్ల ఇంటికి వెళ్లాలి. పొద్దుగూకాక ఆడవాళ్లని అరెస్ట్ చెయ్యకూడదు, మరీ తప్పనిసరైతే మహిళా అధికారి ఉండి, మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ఫిర్యాదు పట్టుకుని వచ్చినవాళ్లని "ఇది మా లిమిట్స్ కాదు" అని తిప్పి పంపకూడదు, ఎక్కడి నేరమైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. కొన్ని తీవ్రమైన నేరాల్లో ఫిర్యాదు నమోదు చెయ్యకపోతే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 199వ సెక్షన్ కింద మనకే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగారం. స్టేషన్లో సీసీ కెమెరాలు ఉన్నాయి కదా, ఆ ఫుటేజీ 18 నెలలు దాచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజాయితీగా పనిచేసేవాడికి ఆ కెమెరా మంచి సాక్షి. నా మీద అబద్ధపు ఫిర్యాదు వచ్చింది అనుకుంటే వెంటనే ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని రాసివ్వండి.

ఇక మన ప్రాంతంలో ఎక్కువమంది దొరికిపోయేది ఆస్తుల దగ్గర, వ్యాపారాల దగ్గర. ఇక్కడ ఎవర్ని చూసినా రొయ్యల చెరువులో వాటా, కొబ్బరితోట కౌలు, లేకపోతే చీటీపాట. బావమరిది చెరువు లీజుకి తీసుకుంటూ "నువ్వో రెండు లక్షలు పెట్టు, కౌంటు బాగుంటే డబుల్ అవుద్ది" అంటాడు. పెట్టేముందు ఆగండి. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యకూడదు, వడ్డీకి అప్పులివ్వకూడదు. స్థలం కొన్నా అమ్మినా, మీ పేరున గానీ ఇంట్లోవాళ్ల పేరున గానీ, డిపార్ట్‌మెంటుకి చెప్పి చెయ్యాలి, ఖరీదైన వాహనాలు, బంగారం విషయంలోనూ అంతే. ఏటా జనవరిలో ఆస్తుల స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అత్తగారు ఇచ్చిన పది సెంట్లు కూడా అందులో రాయండి, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయండి. దాచిన ఆస్తి చిన్నదైనా, ఏసీబీవాళ్లు వచ్చి లెక్కలు తీసిన రోజున పెద్దగానే కనిపిస్తుంది. కట్నం తీసుకోవడం, మొదటి భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకోవడం అటు చట్టం ప్రకారమూ నేరమే, ఇటు కాండక్ట్ రూల్స్ ప్రకారమూ తప్పే, రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది.

బహుమతులు కూడా. వరద నీళ్లు ఎర్రబారగానే ఎవరో ఒకరు పులస పట్టుకొస్తారు. చుట్టాలైతే వేరు. మీ స్టేషన్లో కేసున్నవాడో, రేపు పెట్టించుకోబోయేవాడో తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపండి. సంక్రాంతికి బరుల దగ్గర మఫ్టీలో నిలబడి చూడటం, అక్కడి విందులో కూర్చోవడం అస్సలు వద్దు. కోడిపందెం గేమింగ్ చట్టం కిందా నేరమే, జంతుహింస చట్టం కిందా నేరమే. "ఊళ్లో అందరూ ఉన్నారు కదా" అంటారు, అందరూ పోలీసులు కాదు. పోలీసు చట్టం దృష్టిలో మీరు సెలవులో ఉన్నా ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఒక్క సెల్ఫీ చాలు మెమో రావడానికి.

ఫోన్ గురించి కూడా చెబుతాను. మామూలు పౌరుడికి ఉన్న కొన్ని హక్కులు మనకి కుదించారు, రాజ్యాంగం 33వ అధికరణం కింద పార్లమెంటు 1966లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. అనుమతి లేకుండా యూనియన్‌లో చేరకూడదు, రాజకీయ సభల్లో పాల్గొనకూడదు, పత్రికలకి సమాచారం ఇవ్వకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు. కథలు, కవితలు, బొమ్మల్లాంటివాటికి మినహాయింపు ఉంది, కాబట్టి మీలో రాసేవాళ్లు భయపడక్కర్లేదు. కానీ యూనిఫాంలో రీల్స్, పార్టీ పోస్టుల ఫార్వర్డ్‌లు, కేసు ఫొటోలు ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం, ఇవి ఎంత సరదాగా చేసినా సరదాగా తీసుకోరు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే ఎన్నికల పనికి వేసిన పోలీసులు ఫలితాల దాకా ఎన్నికల సంఘం కింద డిప్యుటేషన్‌లో ఉన్నట్టు లెక్క, అప్పుడు ఇంకో రెండింతలు జాగ్రత్త. సమస్యలు చెప్పుకోవడానికి గుర్తింపు పొందిన పోలీసు అధికారుల సంఘం ఉంది, ఆర్డర్లీ రూంలో ఎస్పీగారికి నేరుగా చెప్పుకునే అవకాశం ఉంది, వాటిని వాడండి.

సెలవుల గురించి రెండు ముక్కలు. సీఎల్ (క్యాజువల్ లీవ్) ఏడాదికి 15. ఈఎల్ (ఆర్జిత సెలవు) 30 రోజులు, జనవరిలో 15, జులైలో 15 జమ అవుతాయి, 300 దాకా కూడబెట్టొచ్చు. మహిళా ఉద్యోగులకి ప్రసూతి సెలవు 180 రోజులు. వీక్లీ ఆఫ్ 2019లో ప్రకటించారు, బందోబస్తులు వచ్చినప్పుడు ఆగిపోవడం మనందరికీ అనుభవమే. ఆగినప్పుడు గొడవ పడకండి, కానీ ఆగిన ఆఫ్‌లు ఒక డైరీలో తేదీతో రాసిపెట్టుకోండి. సెలవు అడిగితే ఇవ్వలేదనుకోండి, అప్లికేషన్ మీద "మంజూరు కాలేదు" అని రాయించుకుని నకలు ఉంచుకోండి. అడగకుండా వెళ్లిపోయాడన్న మాట అప్పుడు రాదు.

సరే, ఇంత జాగ్రత్తగా ఉన్నా మెమో వచ్చింది. ఏం చెయ్యాలి?

తీసుకోనని మొండికెయ్యకండి. తీసుకున్న తేదీ, టైం వేసి సంతకం పెట్టండి, గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. జవాబివ్వడానికి ఎన్ని రోజులన్నది మెమోలోనే ఉంటుంది, సాధారణంగా పది రోజులు. చాలకపోతే గడువు అయ్యేలోపే ఇంకొన్ని రోజులు కావాలని రాసివ్వండి. తర్వాత అది ఏ రూల్ కింద వచ్చిందో చూడండి. సీసీఏ రూల్ 22 అని ఉంటే చిన్న శిక్షకి: మందలింపు, నష్టం రాబట్టడం, తాత్కాలికంగా ఇంక్రిమెంట్ ఆపడం, ప్రమోషన్ ఆపడం లాంటివి. రూల్ 20 అని ఉంటే పెద్ద శిక్షకి: హోదా తగ్గించడం, కంపల్సరీ రిటైర్మెంట్, తొలగింపు, డిస్మిస్. వీటి మధ్యలో ఒక్క మాట చదవకుండా వదిలేసి నష్టపోయినవాళ్లని చాలామందిని చూశాను. ఇంక్రిమెంట్ ఆపడం, మనవాళ్లు పీపీఐ అంటారు, రెండు రకాలు. క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా ఆపితే శిక్షాకాలం అయ్యాక జీతం మళ్లీ తన దారిలో పడుతుంది. క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపితే ఆ ఇంక్రిమెంట్ ఇక రాదు, రిటైరయ్యేదాకా ప్రతి నెలా తగ్గుతుంది, పెన్షన్‌లోనూ తగ్గుతుంది. అందుకే రెండోది పెద్ద శిక్ష కిందికి వస్తుంది, పూర్తి విచారణ లేకుండా వెయ్యకూడదు. ఆర్డర్‌లో ఆ రెండు పదాలు ఉన్నాయా లేవా అన్నది వేలు పెట్టి వెతకండి.

రూల్ 20 మెమోతో పాటు ఆరోపణల పత్రం, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా రావాలి. రాకపోతే అడగండి, ఆ పత్రాలు చూడటం మీ హక్కు. ఓరల్ ఎంక్వైరీలో సాక్షుల్ని మీరు ప్రశ్నించొచ్చు, మీ తరఫు సాక్షుల్ని పిలవొచ్చు, సాయానికి ఇంకో ఉద్యోగిని పెట్టుకోవచ్చు. విచారణాధికారి రిపోర్టు మీకు ఇవ్వకుండా శిక్ష వెయ్యకూడదని 1993లోనే మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిపోర్టు చేతికొచ్చాక దాని మీద మళ్లీ మీ జవాబు రాయడానికి అవకాశం ఉంటుంది, చాలామంది అప్పటికే నీరసించిపోయి రాయరు. రాయండి. చివరికి శిక్ష పడినా అప్పీలు ఉంది, ఉద్యోగుల కేసులు చూసే పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయ్యాక ఆ పైన నేరుగా హైకోర్టే.

సస్పెన్షన్ అంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. దానికదే శిక్ష కాదు, విచారణ కోసం పక్కన పెట్టడం. 48 గంటలకి మించి కస్టడీలో ఉంటే మాత్రం ఆటోమేటిక్‌గా సస్పెండ్ అయినట్టే. ఆ కాలంలో సగం జీతపు సెలవులో ఎంత వస్తుందో అంత జీవనభృతి, దాని మీద డీఏ వస్తాయి. వేరే ఎక్కడా పని చెయ్యడం లేదని సర్టిఫికెట్ ఇస్తేనే బిల్లు చేస్తారు, అది ఇవ్వక డబ్బు రాలేదని బాధపడేవాళ్లు ఉన్నారు. మూడు నెలలు దాటినా చార్జి మెమో ఇవ్వకుండా సస్పెన్షన్‌లోనే ఉంచకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు చూపించి తిరిగి తీసుకోమని అర్జీ పెట్టుకోవచ్చు. సస్పెన్షన్‌లో ఉండగా హెడ్‌క్వార్టర్స్ (ఉండమని ఆర్డర్‌లో చెప్పిన ఊరు) వదిలి వెళ్లాలంటే అనుమతి అడగడం మర్చిపోకండి.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెట్టింది, తిన్నాక కూర్చుని పని మొదలుపెట్టాం. ముందు ఫోన్ తీయించి ఆ రోజు కాల్ లిస్ట్ చూశాం, ఎస్సైగారికి చేసిన కాల్ ఉంది, టైం ఉంది, స్క్రీన్‌షాట్ తీశాం. మెడికల్ క్యాంపు రిజిస్టర్‌లో పెద్దావిడ పేరు, తీసుకొచ్చినవారి వివరాలు ఉంటాయి కదా, నకలు కోసం మర్నాడు పొద్దున్నే వెళ్లమన్నాను. పక్క పాయింట్‌లో ఉన్న హోంగార్డు పేరు సాక్షిగా రాశాం. ఆ తర్వాత జవాబు. ఎక్కడా కోపం లేదు, బతిమాలడం లేదు, ఎవరి మీదా నింద లేదు. "మెమోలోని ఆరోపణను నేను అంగీకరించడం లేదు" అన్నది మొదటి వాక్యం. తర్వాత గంటల వారీగా ఏం జరిగిందో, ప్రతిదాని పక్కన దానికి ఆధారం ఏ పేజీలో ఉందో. చివర్లో, ఆరోపణ ఉపసంహరించమని, లేదంటే తనను స్వయంగా విని సాక్షిని విచారించమని విన్నపం. పేజీన్నర, అంతే. మూడు సెట్లు తీయించమన్నాను: ఒకటి ఆఫీసుకి, ఒకటి ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, సీలు వేయించుకుని తన దగ్గర, ఒకటి ఇంట్లో బీరువాలో. పొద్దున తొలి పంటుకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం సీలు వేసిన నకలు ఫొటో నాకు పంపాడు, అడ్డంగా తీశాడు గానీ నంబరు స్పష్టంగానే కనిపించింది.